బోర్లించిన కుండకు పూలెందుకు

ఈ మధ్య కొత్తగా కుంచె పట్టినవాళ్లు నా దగ్గరికి వచ్చి, "తాతా, ఈ పని నేర్చుకోవడానికి మంచి పుస్తకం ఏదైనా ఉందా?" అని అడుగుతున్నారు. ఎందుకు లేదు, ఉన్నాయి. రేఖ, ఆకారం, ఖాళీ, రంగు, తూకం, లయ అని ఒక్కోదానికీ ఒక్కో అధ్యాయం ఉంటుంది. రిటైరయ్యాక తీరిక దొరికి నేనూ ఒకటి తిరగేశాను. చదువుతుంటే ఒకటే నవ్వు. అందులో ఉన్నవన్నీ నేను అంతకుముందే నేర్చుకున్నాను. కాకపోతే ఒక్కోటీ తప్పు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాను. పుస్తకంలో ఆ తిట్లు వేయడం మర్చిపోయారు. అందుకని ఇది రాస్తున్నాను.

నా పేరు ఖాసిం. గద్వాల కోట పక్క సందులో పుట్టాను. నైజాం కాలంలో, ముప్పైల్లోనూ నలభైల్లోనూ, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మధ్య తిరుగుతూ దుకాణాలకు బోర్డులు, బండ్ల మీద పేర్లు, గోడల మీద సర్కారు హుకుంలు రాశాను. తర్వాత సర్కారులోనే పేంటరు ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగంలో నాకు ఏ గ్రేడు ఎప్పుడొచ్చింది, నా అర్జీ ఏ బల్ల మీద ఎన్నాళ్లు నిద్రపోయింది అన్నవి మీకు పనికిరావు. నాకే పనికిరాలేదు. చెప్పదగ్గవి నాలుగైదు సంగతులున్నాయి. వాటిలో ఒకటి మాత్రం నవ్వుతూ చెప్పలేను. దాన్ని చివరికి ఉంచుతాను.

నీళ్లతో గీతలు

మా ఉస్తాద్ పేరు రహీం సాబ్. ఉర్దూ అక్షరం రాయడంలో గద్వాలలో ఆయన్ను మించినవాడు లేడు. పెళ్లి పత్రికలు, సమాధి రాళ్లు, సర్కారు కచేరీల బోర్డులు, అన్నీ ఆయనవే. నేను ఆయన దగ్గర చేరేనాటికి నాకు పెళ్లయింది, మీసం వచ్చింది, నేను గొప్పగా గీస్తానన్న నమ్మకం కూడా వచ్చింది. ఆ నమ్మకాన్ని ఆయన మొదటి వారంలోనే తీసి పక్కన పెట్టారు.

ఆయన ఇంటి ముందు పెద్ద నాపరాయి పరిచి ఉండేది. నా చేతికి ఒక కుంచె, ఒక చెంబు నీళ్లు ఇచ్చి, "రాయి మీద గీతలు గియ్యి" అన్నారు. మూడు నెలలు అదే పని. పొద్దున నిలువు గీతలు, సాయంత్రం అడ్డ గీతలు.

"రంగు ఎప్పుడిస్తరు ఉస్తాద్?" అని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"నీ గీతకు జర సిగ్గు రానీ బేటా. ఇప్పుడది బజార్ల తాగినోని తీర్గ నడుస్తుంది," అన్నారాయన.

ఆ నీళ్ల గీతల్లో కిటుకేమిటో నాకు ఆలస్యంగా తెలిసింది. చెయ్యి తడబడిన చోట, ఆగిన చోట, నీరు కొంచెం ఎక్కువ నిలుస్తుంది. ఎండకు గీతంతా ఆరిపోయినా అది మాత్రం ఆరదు. అంటే నేను గీసింది మొత్తం మాయమై, నా తప్పులు మాత్రం రాయి మీద చుక్కలు చుక్కలుగా మిగిలేవి. ఉస్తాద్ వచ్చి ఏమీ అనకుండా ఆ చుక్కలు లెక్కపెట్టి లోపలికి వెళ్లేవారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఉర్దూ రాతలో కొలతంతా చుక్కతోనే. కలం మొన వెడల్పే చుక్క వెడల్పు. అలిఫ్ అక్షరం ఇన్ని చుక్కల ఎత్తు, బే అక్షరం ఇన్ని చుక్కల పొడుగు అని లెక్క ఉంటుంది. కలం మారితే చుక్క మారుతుంది, చుక్కతో పాటు అన్నీ మారతాయి. దాన్నే పుస్తకాల్లో దామాషా అంటారు. తెలుగు అక్షరానికి ఆ కొలత ఏమిటని ఉస్తాద్‌ను అడిగాను. "నాకు తెల్వదు, మీ పంతులును అడుగు" అన్నారు. మా పంతులును అడిగితే, "అక్షరానికి కొలతేందిరా, అర్థం ఉంటది గని" అని నవ్వాడు. ఇక నేనే తలకట్టును కొలతగా పెట్టుకుని ఒక పద్ధతి తయారుచేసుకున్నాను. అది సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు గానీ, నలభై ఏళ్లు నాకు అన్నం పెట్టింది.

చీర నిండా అంచే ఉంటే

గద్వాల బజారులో ఒక చీరల దుకాణదారు ఉండేవాడు. మంచివాడే గానీ, ఖాళీ జాగా చూస్తే ఆయనకు నిద్ర పట్టదు. దుకాణంలో గోడ కనపడకుండా చీరలు వేలాడదీసేవాడు. ఆయన బోర్డు రాసే పని నాకు వచ్చింది. ఉర్దూలో పేరు, తెలుగులో పేరు రాసి, చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు వదిలాను.

ఆయన కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. "ఈ పక్క గింత జాగ ఎందుకు ఇడ్సినవ్? రంగు అయిపోయిందా?"

"కాదు సేట్, కంటికి జర ఊపిరాడాలె గద."

"కంటికి ఊపిరేంది? ఆడ ఒక నెమలి గియ్యి. ఈడ ఇంకోటి. నడ్మ లక్ష్మమ్మ. కింద, పట్టు, నూలు, జరీ అన్ని దొరుకుతయి అని రాయి."

నేను రాశాను. ఆయనది బేరం, మనది కుంచె. పని అయ్యాక ఆ బోర్డు మీద ఈగ వాలడానికి కూడా జాగా లేదు. మూడు రోజులు గడిచాయి. దుకాణం ముందు నిలబడి, "ఇక్కడ చీరల దుకాణం ఎక్కడుంది?" అని ఒక మనిషి అడగడం నేను నా చెవులారా విన్నాను. సేట్ కూడా విన్నాడు. తప్పు మాత్రం నా మీదే వేశాడు.

నేను వెళ్లి ఉస్తాద్‌తో మొరపెట్టుకున్నాను. ఆయన లేచి, టోపీ పెట్టుకుని, నాతో దుకాణానికి వచ్చారు. బోర్డు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "సేట్, నీ దుకాణంల ఉన్నదాంట్ల మంచి చీర తియ్యి" అన్నారు. సేట్ సంబరంగా ఒక చీర తీసి పరిచాడు. గద్వాల చీర మీకు తెలిసిందే, ఒళ్లంతా సాదా నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. ఉస్తాద్ ఆ సాదా నూలు మీద చెయ్యి వేసి, "ఈడ ఏం లేదు గద, ఎందుకు ఖాళీగ ఇడ్సిండ్రు సాలోల్లు? ఈడ గూడ జరీ ఏస్తే అయిపోవు గద" అన్నారు.

"అట్లెట్ల సాబ్! చీర నిండ అంచే ఉంటె ఇగ అంచు యాడ కనవడ్తది?" అన్నాడు సేట్.

ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది. వచ్చాక ఆయనకే వినపడింది. కాసేపు బోర్డు వైపు, చీర వైపు మార్చి మార్చి చూశాడు. "లక్ష్మమ్మను ఉంచి నెమళ్లను తీసెయ్యి" అన్నాడు. అదీ పూర్తిగా ఓడిపోకుండా. ఖాళీ అంటే మనం గీయకుండా వదిలేసింది అనుకుంటాం. దాన్ని కూడా మనమే గీయాలి, అంచులు కొలిచి మరీ గీయాలి. నాకీ సంగతి సాలెవాళ్ల చీర నేర్పింది.

సాపుగా ఉన్న వంకర బోర్డు

వనపర్తిలో ఒక కిరాణా దుకాణానికి రేకు బోర్డు రాసిచ్చాను. పైన ఉర్దూ, కింద తెలుగు. వడ్రంగి వచ్చి మేకులు కొట్టి బిగించాడు. మర్నాడు దుకాణదారు నిచ్చెన వేసుకుని ఎడమవైపు మేకు కాస్త పైకి కొట్టాడు. ఆ మర్నాడు ఇంకాస్త. వారం తిరిగేసరికి నాకు కబురు వచ్చింది.

"ఏం బోర్డు రాసినవయ్యా! ఎంత సక్కగ కొట్టినా ఎడమ దిక్కు ఒరుగుతనే ఉన్నది. నా పెండ్లాం దాని కింద నిలవడాలంటె భయపడ్తున్నది," అన్నాడు.

వడ్రంగి తన నీటి మట్టం తెచ్చి పెట్టాడు. చూస్తే, మొదట సాపుగా ఉన్నదాన్ని దుకాణదారే వంకర చేశాడు. తిరిగి మట్టానికి సరిచేసి బిగించారు. ముగ్గురం రోడ్డు అవతలకు వెళ్లి నిలబడ్డాం. ఖుదా కసం, బోర్డు ఎడమవైపు ఒరిగే ఉంది. వడ్రంగి తన మట్టాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, లోపల నీళ్లు అయిపోయాయేమోనని.

ఆ సాయంత్రం రైలెక్కి గద్వాల వచ్చి ఉస్తాద్‌కు చెబితే ఆయన పడీ పడీ నవ్వారు. మేం రాసే ఉర్దూ రాతలో ప్రతి మాటా కుడివైపు ఎత్తున మొదలై ఎడమకు దిగుతూ వస్తుంది. దాని అందమే అది. తెలుగు అక్షరాలేమో ఒకే వరుసలో గుండ్రంగా కూర్చుంటాయి. దిగే రాతను కూర్చున్న రాత మీద పెట్టి, రెంటినీ దగ్గరగా ఇరికించాను. కన్ను ఆ దిగుడును పట్టుకుని బోర్డు మొత్తాన్ని కిందికి లాగేస్తోంది. తూకం అంటే రెండు పక్కలా సమానంగా నింపడమని అప్పటిదాకా అనుకున్నాను. కన్ను వేరే తక్కెడతో తూస్తుందని ఆ రోజు తెలిసింది.

"మరి ఏం చెయ్యాలె ఉస్తాద్? మొత్తం తుడ్సి రాయాల్నా?"

"రెండింటి నడ్మ ఒక్క సాపు గీత కొట్టు. కంటికి పట్టుకునేటందుకు కట్టె దొరికితే అది పడదు."

సుద్ద పూసిన దారం లాగి కొట్టి, ఎర్రగా ఒక్క గీత గీశాను. బోర్డు సాపుగా నిలబడింది. దుకాణదారు భార్య బయటికి వచ్చి చూసి, "ఇప్పుడు మంచిగ కొట్టినవ్ మేకులు" అని భర్తను మెచ్చుకుంది. ఆయన కూడా కాదనలేదు.

దారంతో తిప్పిన గుండ్రం

ఇక ఆ ఒక్క సంగతి చెబుతాను.

యుద్ధం జరుగుతున్న రోజులు. విదేశీ రంగు డబ్బాలు రావడం ఆగిపోయింది. జాజు అనే ఎర్రమట్టి, పసుప్పచ్చ మట్టి, సున్నం, దీపం మసి, అవిసె నూనె, వీటితోనే మా బతుకు. ఆ వేసవిలో నాగర్‌కర్నూలు వైపు పల్లెల్లో గత్తర లేచింది. పట్నం మాటలో కలరా అంటారు. పొద్దున పొలానికి పోయిన మనిషి మర్నాటికి ఉండేవాడు కాదు.

పట్నం నుంచి ఒక డాక్టరు సాబ్ వచ్చాడు. చిన్న వయసు, మంచి మనిషి, ఒక్క పూట కూర్చుని తినేవాడు కాదు. ఏ బావి నీళ్లు తాగొచ్చో, ఏవి తాగకూడదో గుర్తు పెట్టడానికి ఆయనకు పేంటరు కావాలన్నారు. నేను వెళ్లాను.

"చదువు రానోల్లకు గూడ తెల్వాలె ఖాసిం. ఎర్రగ గుర్తు పెట్టు. ఎరుపంటే ఖత్రా అని దునియా మొత్తానికి తెలుసు," అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది. గద్వాల స్టేషనులో ఎర్ర జెండా చూస్తే రైలే ఆగుతుంది, మనిషి ఆగడా అనుకున్నాను.

మొదట వెళ్లిన ఊరి పేరు చెప్పను. ఒక వాడలో రెండు బావులున్నాయి. ఒకటి దిగుడుబావి. మెట్లు దిగి, కాళ్లు నీళ్లలో పెట్టి ముంచుకుంటారు, అక్కడే బట్టలు కూడా జాడిస్తారు. గత్తర నీళ్లు దానివే అని డాక్టరు తేల్చాడు. రెండోది కొంచెం దూరంలో ఉన్న చేదబావి. అందులో మందు వేశారు, తాగొచ్చు, కాకపోతే నీళ్లు ఒకింత ఉప్పన. కాబట్టి అందరూ దిగుడుబావికే పోతారు.

దిగుడుబావి గోడ నల్లరాయి. దాని మీద జాజు పూస్తే పది అడుగుల అవతలికి కనపడలేదు. అప్పుడు నా విద్య గుర్తొచ్చింది. ముదురు మీద ముదురు నిలవదు, మధ్యలో వెలుగు ఉండాలి. ముందు పసుప్పచ్చ మట్టితో పెద్ద గుండ్రం పూసి, దాని నడుమ జాజుతో ఎర్ర గుండ్రం పెట్టాను. మేకు కొట్టి, దారం కట్టి తిప్పి గీశాను. అంత ముచ్చటైన గుండ్రం నా జన్మలో గీయలేదు. డాక్టరు సాబ్ దూరం నుంచి చూసి, "వాహ్!" అన్నాడు. నేను పొంగిపోయి కింద మూలన చిన్నగా నా పేరు కూడా రాసుకున్నాను.

చాటింపు వేసే మనిషి మర్నాడు వస్తాడన్నారు. గుర్తు అన్నాక మాటలు లేకుండానే తెలియాలి కదా, మళ్లీ చాటింపెందుకు అనుకున్నాను. మేం పక్క ఊరికి వెళ్లిపోయాం.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు కంటే ముందు నేను ఆ ఊరు చేరాను. చాటింపు ఇంకా పడలేదు. దిగుడుబావి దగ్గర జనం. ఆడవాళ్లు తల స్నానాలు చేసి, వేపమండలు పట్టుకుని ఉన్నారు. నా గుండ్రం కింద బంతిపూలు, కొబ్బరి చెక్కలు. నిజం దాచను, ఒక్క క్షణం నాకు గర్వం కలిగింది. నా పనికి ఇంతకుముందు ఎవరూ పూలు పెట్టలేదు.

ఆ తర్వాత వాళ్లు ఏం చేస్తున్నారో చూశాను. బావిలో నీళ్లు కడవలతో ముంచి, ఊరి పొలిమేర మీద పోసి వస్తున్నారు. ఇంటింటికీ చల్లుతున్నారు. చేతిలో పోసుకుని, కళ్లకద్దుకుని తాగుతున్నారు.

ముందు నిలబడ్డ ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. పేరు బాలమ్మ అని తర్వాత తెలిసింది. మెట్టు మీద కూర్చున్న వాళ్ల అత్తకు దోసిట్లో నీళ్లు పోస్తోంది.

"ఏం చేస్తున్నరమ్మా?" అని అరిచాను.

"కనవడ్తలేదా సాబ్? ఊరంత గత్తరతోని పరేషానుంటే అమ్మ వచ్చి మా బాయి మీద కూసున్నది. పసుపు పూసుకున్నది, బొట్టు పెట్టుకున్నది."

"అది అమ్మ కాదు తల్లీ. అది నేను పెట్టిన."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "సాయిబువు నువ్వు. అమ్మకు బొట్టెందుకు పెడ్తవ్?"

"ఈ నీళ్లు తాగొద్దని పెట్టిన!"

"తాగొద్దని బొట్టు పెడ్తరా యాడనన్న?"

పుట్టినప్పటి నుంచి పోచమ్మ గుళ్ల ముందు నుంచి నడిచినవాణ్ని. పసుపు గుండ్రంలో ఎర్ర బొట్టు ఏమిటో నాకు తెలియదా? తెలుసు. కుంచె చేతిలో ఉన్నప్పుడు మాత్రం నాకు అది వెలుగు మీద ముదురు, అంతే. రంగును రంగుగా చూశాను, చూసేవాళ్ల కళ్లతో చూడలేదు.

ఆ సాయంత్రానికి ముగ్గురు గత్తరతో పడ్డారు. డాక్టరు సాబ్ అక్కడే పశువుల కొట్టంలో మంచాలు వేయించి, చేతనైనదంతా చేశాడు. ఇద్దరు కోలుకున్నారు. బాలమ్మ అత్త మూడో రోజు పోయింది.

"ఆ నీళ్ల తోటే పోయిందని చెప్పలేం ఖాసిం. అంతకుముందే పట్టి ఉండొచ్చు," అన్నాడు డాక్టరు. ఆయన దయగల మనిషి కాబట్టి అలా అన్నాడు. నిజం కూడా కావచ్చు. కానీ నాకు అన్నం సహించలేదు. ఉస్తాద్ రాయి మీద నీళ్ల గీత ఆరిపోయాక మిగిలే చుక్కలు గుర్తొచ్చాయి. ఆ గుండ్రాన్ని రాయి పెట్టి నేనే గీకేశాను, ముందుగా నా పేరును.

ఎవరూ నీళ్లు తాగని కుండ

గుర్తు ఏదో ఒకటి పెట్టాలి. డాక్టరు ఈసారి పెద్ద అక్షరాలతో రాయమన్నాడు. ఎవరు చదువుతారు? నేనింక నా తెలివిని నమ్మదలచుకోలేదు. సిగ్గు చంపుకుని బాలమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె గడపలో కూర్చుని ఉంది. మొహం మీదే తలుపు వేస్తుందనుకున్నాను, వేయలేదు.

"బాలమ్మా, నన్ను తిట్టు, పడ్త. కాని ఒకటి చెప్పు. గోడ మీద ఏం గీస్తే మీరు ఆ నీళ్లు ముట్టరు?"

ఆమె లేచింది. లోపలికి వెళ్లి, వాళ్ల అత్త నీళ్లు తాగే కుండను తెచ్చింది. చావు జరిగిన ఇంట్లో పాత కుండలు బయట పెట్టేస్తారు కదా, ఆ పని మీదే ఉన్నట్టుంది. కుండను గోడ పక్కన బోర్లించింది.

"ఇగ దీంట్ల ఎవలు నీళ్లు తాగరు," అంది, నాతో కాదు, కుండతో అన్నట్టు.

తర్వాత నేరుగా బావికి వెళ్లి, నల్లరాయి మీద మనిషంత ఎత్తు సున్నం కొట్టాను. తెల్లటి ఆ ఖాళీ మధ్యలో మసితో ఒక బోర్లించిన కుండ గీశాను. చేదబావి మీద నిలబెట్టిన కుండ. ఎర్ర చుక్క ఒక్కటి కూడా లేదు.

మర్నాడు కొత్త గుర్తు సంగతి చాటింపు వేసే మనిషి రాకముందే వెళ్లి కూర్చున్నాను. పక్క తండా నుంచి ఒక లంబాడా ఆమె బిందె చంకన పెట్టుకుని వచ్చింది. ఆమెకు మా ఊసే తెలియదు. మెట్టు మీద కాలు పెట్టబోయి, గోడ చూసి ఆగింది. చుట్టూ చూసింది. అవతలి చేదబావి మీద నిలువు కుండను చూసి అటు నడిచింది. ఏళ్ల తరబడి బోర్డులు రాశాను, జనం వాటిని చూసి మెచ్చుకోగా విన్నాను. ఒక బొమ్మ మనిషిని పక్కకు తిప్పడం అదే మొదటిసారి చూశాను. అక్కడే కూర్చుని ఏడ్చాను.

డాక్టరు సాబ్ ఆ వేసవంతా ఊరూరా అదే కుండ వేయించాడు. చేయి తిరిగినకొద్దీ నాలోని పేంటరు మళ్లీ తల ఎత్తాడు. కుండ మెడ చుట్టూ సన్నటి పూలతీగ గీశాను. ఒక పక్క నీడ వేసి పొట్టను గుండ్రంగా తేల్చాను. బాలమ్మ వాళ్ల బావికి కూడా తిరిగి వెళ్లి, ఆ కుండకు పూలు పెట్టి వచ్చాను. ఆమె దూరం నుంచి చూసింది.

సున్నం పని

నైజాం రాజ్యం పోయిన మరుసటి వేసవిలో వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు పోతూ ఆ ఊళ్లో దిగాను. పని లేదు, ఊరికే దిగాను. కాళ్లు దిగుడుబావి వైపు తీసుకెళ్లాయి.

గోడ మీద కుండ ఉంది. నేను గీసింది కాదు. అన్నేళ్లు వానకూ ఎండకూ నా మసి ఎలా నిలుస్తుంది? ఎవరో కొత్తగా గీశారు. పూలతీగ లేదు, నీడ లేదు. మూతికి ఒక అడ్డ గీత, పొట్టకు ఒక వంపు, అంతే. పక్కనే, దాని మీద మళ్లీ సున్నం పూయబోతున్నట్టు ఒక చట్టి, చీపురు కుంచె ఉన్నాయి. కాసేపటికి బాలమ్మ వచ్చింది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది.

"ఇది ఎవలు గీసిండ్రు బాలమ్మా?"

"నేనే. యేటా ఎండకాలం మొదలుకంగనే సున్నం కొట్టి మళ్ల గీస్త. మా అత్త పేరు మీద."

నేను చాలాసేపు ఆ బొమ్మను చూశాను. ఒక వంక పెట్టడానికి చోటు దొరకలేదు. "మరి నేను గీసిన పూలేమైనయి?" అని అడిగాను, నవ్వుతూనే.

"తీసేసిన. పూలుంటె కుండ ముద్దొస్తది సాబ్. ముద్దొస్తె ఆడోల్లకు ఎత్తుకోబుద్ధయితది. ఎత్తుకోవద్దనే గద నువ్వు గీసింది."

ఇదీ నాకు పడ్డ ఆఖరి తిట్టు. తిట్టకుండా తిట్టింది. మీరు చదివే పుస్తకాల్లో ప్రాధాన్యం అనో, క్లుప్తత అనో ఒక అధ్యాయం ఉంటుంది. దాన్ని చదివేటప్పుడు ఈ మాట పక్కన రాసుకోండి. బొమ్మ ఏ పని మీద నిలబడిందో ఆ పనికి అడ్డొచ్చేది ఎంత అందమైనదైనా తీసేయాలి. అందరికంటే ముందు మన ముచ్చటను తీసేయాలి.

"నా మీద కోపం లేదా బాలమ్మా?" అన్నాను. ఆ మాట అడగడానికే ఆ ఊళ్లో దిగానని అప్పుడు తెలిసింది.

ఆమె చట్టిలో సున్నం కలుపుతూ, "ఎందుకుండదు? మస్తు ఉండె. యేటా సున్నం కొట్టంగ కొట్టంగ జర జర తగ్గింది," అంది. తర్వాత కుంచె నా వైపు చాపింది. "నువ్వచ్చినవ్ గద, కొడ్తవా?"

"కొడ్త."

"అయినంక కింద నీ పేరు రాసుకుంటవా? అప్పుడు రాసుకుంటివి."

"వద్దమ్మా," అన్నాను.

ఆ ఏడు సున్నం నేను కొట్టాను. కుండ ఆమె గీసింది.